డబ్బు మనది, ప్రొఫెసర్ మనవాడు కాదు

1921లో ఆర్నాల్డ్ టాయిన్బీ లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్. ఆయనది కొరాయిస్ పీఠం, అంటే దాతల డబ్బుతో నడిచే ప్రొఫెసర్ పదవి. బైజాంటైన్ కాలం నుంచి ఇప్పటిదాకా గ్రీకు చరిత్ర, భాష, సాహిత్యం చెప్పడానికి 1919లో పెట్టిన పీఠం. లండన్‌లో స్థిరపడ్డ గ్రీకు వ్యాపారులు చందాలు వేసుకున్నారు, గ్రీసు ప్రభుత్వం ఏటా గ్రాంటు ఇస్తానంది. మొట్టమొదటి ప్రొఫెసర్ టాయిన్బీయే.

ఆ ఏడాది ఆయన కాలేజీకి సెలవు పెట్టి, మాంచెస్టర్ గార్డియన్ పత్రిక తరఫున గ్రీసుకీ టర్కీకీ జరుగుతున్న యుద్ధం చూడ్డానికి వెళ్ళాడు. మార్మరా సముద్రం ఒడ్డున యాలొవా చుట్టుపక్కల గ్రీకు సైన్యం, దాని అండతో తిరిగే ముఠాలు ముస్లిం పల్లెల్ని ఏం చేశాయో కళ్ళారా చూశాడు. కాలిపోయిన ఇళ్ళు, చచ్చిపోయిన మనుషులు, ఓడ కోసం రేవులో పడిగాపులు పడుతున్న కుటుంబాలు. చూసింది చూసినట్టు పత్రికకి రాసి పంపాడు. 1922లో దాన్ని పుస్తకంగా కూడా వేశాడు. చందాలిచ్చిన గ్రీకులు మండిపడ్డారు. 1924లో పీఠం వదులుకున్నాడు.

ప్రపంచ చరిత్ర మీద పన్నెండు సంపుటాలు రాసినవాడిగానే టాయిన్బీ మనకి తెలుసు. ఆ పన్నెండు సంపుటాలకి ఆలోచన 1921లో టర్కీ నుంచి తిరిగొస్తూ రైల్లో కాగితం ముక్క మీద రాసుకున్న శీర్షికలతో మొదలైందని ఆయనే చెప్పుకున్నాడు. దాని వెనక ఉద్యోగం పోగొట్టుకున్న గొడవ ఒకటుందని నాకు ఈమధ్య దాకా తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం వచ్చి చదివాను.

## మన గొడవ

మా ఊరి తెలుగువాళ్ళం కొందరం కలిసి ఇక్కడి యూనివర్సిటీలో తెలుగుకి ఒక పీఠం పెట్టించాలని అనుకుంటున్నాం. ఇంకా డబ్బు పోగవలేదు, ఉత్సాహం మాత్రం బోలెడు పోగైంది. వాట్సాప్ గ్రూపులో ఒప్పందానికి ఒక చిత్తు తిరుగుతోంది. అందులో ఒక లైను: దాతల సలహా మండలి పీఠం పనితీరును ఏటా సమీక్షించి తగిన సూచనలు చేస్తుంది.

ఆ లైను తీసేద్దాం అన్నాను. మా గ్రూపులో అందరూ బాబాయిగారు అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. నిజంగా డబ్బిచ్చే మనిషి, మాట సాయంతో సరిపెట్టేవారు కాదు. ఆయన ఫోన్ చేసి, "ఏమయ్యా, మన డబ్బుతో మనల్నే తిట్టించుకుందామంటావా?" అన్నారు.

అవునండీ అనాలనిపించింది, అనలేదు. ఆ మాట అనాలంటే వెనక చాలా చెప్పాలి. ఈ పోస్టు అదే.

నా అభిప్రాయం ఇది. ఒక జాతి తన భాష, సంస్కృతి పేరు మీద యూనివర్సిటీలో పీఠమో కేంద్రమో పెట్టించదలుచుకుంటే, సంతకం పెట్టిన రోజే దాని మీద తన అజమాయిషీ వదిలేసుకోవాలి. వదులుకోలేనివాళ్ళు ఆ డబ్బు వేరే మంచి పనికి పెట్టుకోవచ్చు. పిల్లలకి ఆదివారం తెలుగు బడి, కూచిపూడి క్లాసు, ఉగాది కవి సమ్మేళనం, ఇవన్నీ మన చేతిలో ఉండొచ్చు, ఉండాలి కూడా. యూనివర్సిటీ ఆ కోవలోది కాదు.

## దాతల వైపు నుంచి

చెప్పడం తేలిక. లండన్ గ్రీకుల చోట నిలబడి చూస్తే అంత తేలిగ్గా లేదు.

వాళ్ళలో చాలా కుటుంబాలు ఖియోస్ ద్వీపం నుంచి వచ్చినవి. 1822లో ఒట్టోమన్ సైన్యం ఆ ద్వీపంలో వేలమందిని చంపి, ఇంకెన్నో వేలమందిని బానిసలుగా అమ్మేసింది. మిగిలినవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయి మార్సెయ్, లండన్, కలకత్తా చేరి వ్యాపారాలు పెట్టారు. వాళ్ళలో పెద్ద పేరు రాలీ సోదరులది. కలకత్తా నుంచి జూట్, పత్తి ఎగుమతి చేసిన కంపెనీ. మన రైతులకి పురుగుమందు డబ్బాల మీద కనిపించే రాలీస్ అన్న పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. చేతులు మారి ఇప్పుడది టాటాల కంపెనీ.

ఇలాంటి ఇళ్ళలో ముత్తాతల చావు కథలు వింటూ పెరిగిన మనుషులు చందా ఇచ్చారు. సరిగ్గా నూరేళ్ళకి, సొంత దేశం యుద్ధంలో ఉండగా, ఆ యుద్ధం గెలవాలంటే బ్రిటన్ ప్రజల సానుభూతి అవసరమై ఉండగా, వాళ్ళ పీఠంలో కూర్చున్న మనిషి బ్రిటన్ పత్రికలో రాసింది గ్రీకుల అకృత్యాల గురించి. పుస్తకం వచ్చిన ఏడాదే, 1922 సెప్టెంబరులో, టర్కీ సేనలు స్మిర్నా నగరంలోకి దిగాయి. ఊరు తగలబడింది. మరుసటి ఏడాది లౌసాన్ ఒప్పందంతో పన్నెండు లక్షల మందికి పైగా క్రైస్తవులు టర్కీ నుంచి గ్రీసుకి, నాలుగు లక్షలకి అటూ ఇటూగా ముస్లింలు గ్రీసు నుంచి టర్కీకి ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిపోయారు. చందాదారుల్లో ఎందరి చుట్టాలో ఆ గుంపుల్లో ఉండి ఉంటారు. ఆ స్థితిలో ఉన్నవాడితో విద్యా స్వేచ్ఛ గురించి మాట్లాడ్డానికి నాకు నోరు రాదు.

టాయిన్బీ మీద ఇంకో ఆక్షేపణ కూడా ఉంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన బ్రిటిష్ ప్రభుత్వం కోసం పనిచేశాడు. ఆర్మీనియన్ల మీద ఒట్టోమన్లు చేసిన ఘోరాల సాక్ష్యాలు కూర్చి 1916లో వచ్చిన ప్రభుత్వ పత్రానికి సంపాదకత్వం చేసింది ఆయనే. అందులో ఉన్న వాస్తవాల మాట ఎలా ఉన్నా, ప్రచురించిన ఉద్దేశం యుద్ధ ప్రచారం. ఆ ప్రచారంలో తానూ ఒక చేయి వేశానన్న బాధతో ఈసారి తక్కెడ రెండోవైపు వంచాడా? వంచి ఉండొచ్చు. నాకా అనుమానం పోలేదు.

అయినా, యాలొవా ఆయన కల్పించింది కాదు. అదే 1921 మేలో మిత్రరాజ్యాల విచారణ సంఘం ఒకటి అక్కడికి వెళ్ళి, గ్రీకు సైన్యం అండతో తిరిగే ముఠాల చేతుల్లో ముస్లిం పల్లెలు నాశనమయ్యాయనే తేల్చింది. అంటే మనిషి ఉద్దేశాల మీద ఎంత చర్చయినా చేసుకోవచ్చు, చెప్పిన సంగతి మాత్రం నిలిచింది. ప్రొఫెసర్‌ని పెట్టుకునేది అందుకే కదా.

## పుచ్చుకున్నవాళ్ళ పాపం

బాబాయిగారితో వాదించేటప్పుడు నేను యూనివర్సిటీలని వెనకేసుకొస్తున్నానని ఆయన అనుకుంటారు. అదేం లేదు. ఈ కథలో నాకు అందరికన్నా ఎక్కువ కోపం వచ్చింది కాలేజీ మీదే.

పీఠం పెట్టించింది అప్పటి ప్రిన్సిపల్ రొనాల్డ్ బరోస్. గ్రీసంటే ప్రాణం. గ్రీసు ప్రధాని వెనిజెలోస్‌కి స్నేహితుడు, ఆయన రాజకీయాలకి బాహాటంగా కొమ్ము కాసినవాడు. కాబట్టి ఈ పీఠం చదువు కోసమే పుట్టిందని ఎవరైనా అంటే నమ్మకండి. యుద్ధకాలంలో, మిత్రదేశం మీద లండన్‌లో మంచి మాట వినపడాలన్న కోరికతో పుట్టింది. చందాలు అడిగినప్పుడు ఆ కోరిక దాతల కళ్ళలో కనపడుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. పైగా చందాదారుల కమిటీ ఒకటి ఏర్పడి పీఠం వ్యవహారాలు చూసుకునేందుకు కాలేజీవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ షరతులు ఏమిటో ఉద్యోగంలో చేరినప్పుడు టాయిన్బీకి పూర్తిగా చెప్పనేలేదు. ఇచ్చినవాళ్ళు ఒకటనుకుని ఇచ్చారు, పుచ్చుకున్నవాళ్ళు ఇంకోటనుకుని పుచ్చుకున్నారు, మధ్యలో కూర్చున్నవాడికి ఏదీ తెలియదు. బరోస్ 1920లోనే పోయాడు. తుఫాను వచ్చేనాటికి ఆ కుర్చీలో ఉన్నది వేరే ప్రిన్సిపల్.

గొడవ ముదిరాక కాలేజీ తన ప్రొఫెసర్ పక్కన నిలబడిందా అంటే, గట్టిగా నిలబడలేదు. టాయిన్బీ 1924 జనవరిలో టైమ్స్ పత్రికకి ఉత్తరం రాసి సంగతి బయటపెట్టాడు, ఆ ఏడాదే వెళ్ళిపోయాడు. తర్వాత చాతమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల సంస్థలో చేరి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశాడు. మనిషికి నష్టం లేదు. పీఠానికి ఎంత నష్టమో చూడండి. కొన్నాళ్ళు ఖాళీగా ఉండిపోయింది. మొదటి ప్రొఫెసరే ఇలా పోతే తర్వాత వచ్చేవాడు నోరు విప్పేముందు పదిసార్లు ఆలోచించుకోడా?

ఈ పీఠానికి పేరిచ్చిన అదమాండియోస్ కొరాయిస్ (1748–1833) సంగతి చెబితే నవ్వొస్తుంది. స్మిర్నాలో పుట్టి, మోంపెలియెలో వైద్యం చదివి, పారిస్‌లో కూర్చుని ప్రాచీన గ్రీకు గ్రంథాలని పరిష్కరించి అచ్చు వేయించిన పండితుడు. డబ్బిచ్చింది జోసిమా సోదరులనే వ్యాపారులు. ఆ పుస్తకాలకి రాసుకున్న పీఠికల్లో సొంత జాతికి ఆయన పెట్టిన వాతలు ఇన్నీ అన్నీ కావు. చర్చి పెద్దల్ని ఎదిరించాడు. సుల్తానుకి లొంగి ఉండమని 1798లో మతపెద్దల పేరుతో కరపత్రం వస్తే అదే ఏడాది దానికి జవాబు రాశాడు. తీరా స్వతంత్రం వచ్చాక, కొత్త దేశానికి పాలకుడైన కాపోడిస్ట్రియాస్‌ని నియంత అంటూ ముసలితనంలో కూడా వదిలిపెట్టలేదు. అలాంటివాడి పేరు పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి మాత్రం మా మీద మంచే రాయాలన్నారు.

## నూరేళ్ళ తర్వాత

కింగ్స్ కాలేజీలో పీఠం ఇంకా ఉంది, దాని చుట్టూ గ్రీకు అధ్యయనాల కేంద్రం కూడా ఉంది. 2018లో ఆ పీఠంలోకి వచ్చిన గోండా వాన్ స్టీన్ చేసిన ఒక పని గురించి చదివాను. గ్రీసులో అంతర్యుద్ధం ముగిశాక, 1950లు, 60లలో వేలమంది గ్రీకు పిల్లల్ని అమెరికాకి దత్తు పంపేశారు. కొందరి కాగితాలు సరిగ్గా లేవు, కొందరి తల్లులకి సంగతి పూర్తిగా తెలియదు, మధ్యలో డబ్బు తిన్నవాళ్ళున్నారు. ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్న ఆ పిల్లలు తమ పుట్టుక ఎక్కడిదో వెతుక్కుంటున్నారు. ఆమె ఆ చరిత్ర తవ్వి రాసింది. ఇది గ్రీకు ప్రభుత్వానికీ, చర్చికీ, అమెరికాలోని గ్రీకు సంఘాలకీ కూడా కష్టంగా తోచే చరిత్ర. కానీ ఆ పిల్లలు కూడా గ్రీకులే కదా. వాళ్ళకి ఆ పీఠం ఏ ఉత్సవాలూ చేయలేనంత మేలు చేసింది. 1924లో దాతలు కోరుకున్న తరహా ప్రొఫెసరైతే ఈ ఫైళ్ళ జోలికి వెళ్ళేవారు కాదు.

అన్ని గ్రీకు కేంద్రాలకీ ఈ ఇబ్బంది లేదు. ప్రిన్స్‌టన్‌లో 1979లో గ్రీకు అధ్యయనాలకి మూలనిధి ఇచ్చిన స్టాన్లీ సీగర్ అమెరికావాడు, అక్కడి పాత విద్యార్థి. గ్రీసు మీద ప్రేమ తప్ప పుట్టుకతో ఆయనకి గ్రీకులతో సంబంధం లేదు. వాషింగ్టన్‌లో హార్వర్డ్ నడిపే కేంద్రం 1960ల మొదట్లో వచ్చింది, దానికి స్థలమిచ్చింది మారీ బీల్ అనే అమెరికన్ సంపన్నురాలు. హోమర్, సోఫొక్లీస్ కోసం ప్రపంచంలో ఎవరైనా చెక్కు రాస్తారు. ప్రాచీన గ్రీసు అందరి ఆస్తి. బతికి ఉన్న గ్రీసు, ఇవాళ మాట్లాడే గ్రీకు మాత్రం, గ్రీకులు పూనుకుంటేనే యూనివర్సిటీలోకి వస్తాయి. కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ కేంద్రం అలాగే వచ్చింది, అక్కడి గ్రీకు సంఘాల పీఠంతో మొదలై, 2011లో స్టావ్రోస్ నియార్కోస్ ఫౌండేషన్ నిధులతో కేంద్రమైంది.

మనకి ఇది బాగా అర్థమవుతుంది. సంస్కృతానికి ఆక్స్‌ఫర్డ్‌లో 1832 నుంచి పీఠముంది. తెలుగుకి మనమే పూనుకోవాలి. బాబాయిగారు డబ్బు తీస్తానన్నందుకు ఆయనకి దండం పెట్టేది ఇందుకే.

## తెలుగు పీఠం అంటే

పీఠానికి చాలా డబ్బు కావాలి. ఇచ్చిన సొమ్ము ఖర్చు పెట్టరు. మదుపు చేసి, ఏటా నాలుగో అయిదో శాతం తీసి జీతం, పరిశోధన నడుపుతారు. హార్వర్డ్‌లో తమిళ పీఠం కోసం తమిళులు 2018 నాటికి 60 లక్షల డాలర్లు పోగు చేశారు. నాలుగున్నర శాతం లెక్కన ఏడాదికి 2,70,000 డాలర్లు. ఒక ప్రొఫెసరు, కాస్త పరిశోధన ఖర్చు, అంతే. అందులో తమిళనాడు ప్రభుత్వం ఇచ్చింది 10 కోట్ల రూపాయలు. గ్రీసు ప్రభుత్వపు గ్రాంటు గుర్తొచ్చి నాకు కొంచెం గుబులేసింది, ఆ సంగతి అలా ఉంచుదాం.

మనకీ పీఠాలు లేకపోలేదు. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావుగారు కృష్ణదేవరాయ ప్రొఫెసర్‌గా పనిచేశారు. అట్లాంటా ఎమరీ యూనివర్సిటీలో కొప్పాక కుటుంబం ఇచ్చిన నిధితో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్రలకి పీఠం వచ్చింది. అందులో ఉన్న హర్షిత మృతింటి కామత్ 2019లో రాసిన పుస్తకం కూచిపూడి ఊళ్ళో స్త్రీవేషం కట్టే బ్రాహ్మణ మగవాళ్ళ గురించి. కులం, మగతనం, వేషం, ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా నిలబెడతాయన్నది అందులో ప్రశ్న. వార్షికోత్సవ సావనీర్‌లో వేసుకునే వ్యాసం కాదది. అలాంటి పరిశోధకురాలికి తెలుగు పీఠం దక్కడం నాకు మంచి సూచనగా తోచింది.

చెడ్డ సూచన కూడా ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్వైన్ క్యాంపస్‌కి ప్రవాస భారతీయుల సంస్థ ఒకటి భారతీయ మతాల అధ్యయనానికి పీఠాలు ఇస్తానంటే, నియామకాల్లో వేలు పెడతారేమోనన్న భయంతో అధ్యాపకులు, విద్యార్థులు ఎదురు తిరిగారు. 2016లో యూనివర్సిటీ ఆ నిధి వద్దనుకుంది. అటు డబ్బూ పోయింది, ఇటు పరువూ పోయింది, పీఠమూ రాలేదు.

ఇంతకీ తెలుగు ప్రొఫెసర్ పాఠం ఏం చెబుతాడు? వేమనని చెప్పకుండా కుదరదు. 1829లో బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చు వేయించాడు. పండితులకి జీతాలు జేబులోంచి ఇచ్చుకుని, అప్పులు చేసి తాళపత్రాలు పోగు చేసిన ఆ మనిషే ఉద్యోగం మానాక లండన్‌లో తెలుగు ప్రొఫెసర్ కూడా అయ్యాడు. ఆయన మీద ఏ తెలుగు సలహా మండలీ లేదు. ఉండి ఉంటే, కులాల్నీ గుళ్ళనీ పట్టుకుని దులిపేసే ఆ పద్యాలు మొదట అచ్చు వేయమనేదా? వేమన దగ్గర ఆగితే సరే అనుకుందాం. ఇరవయ్యో శతాబ్దానికి వస్తే దళితుల ఊచకోతలు జరిగిన కారంచేడు (1985) ఉంది, చుండూరు (1991) ఉంది. అవి తీసేసి చెప్పేది తెలుగు సాహిత్యమే కాదు, ఎందుకంటే గత నలభై ఏళ్ళలో వచ్చిన గట్టి కవిత్వంలో చాలా భాగం అక్కణ్ణుంచి పుట్టిందే. ఇంకా మా గ్రూపులోనే సగం మందిమి ఇటు, సగం మందిమి అటు ఉన్నాం, రాష్ట్రం విడిపోయిన సంగతి ఏ ప్రొఫెసర్ ఎలా రాసినా సగం మందికి కోపం వస్తుంది. ఏటా సమీక్ష అంటే ఏటా కొట్లాట.

దీని మీద బాబాయిగారు ఒక మంచి ప్రశ్న వేశారు. "ప్రొఫెసర్లంతా సత్యహరిశ్చంద్రులా? వాళ్ళకి పక్షపాతాలుండవా? తెలుగు అక్షరం ముక్క రానివాడొచ్చి మన గురించి పిచ్చి రాతలు రాస్తే?" ఉంటాయి. రాస్తారు కూడా. టాయిన్బీ సంగతిలో నాకే అనుమానం ఉందని పైన చెప్పాను. కానీ దానికి మందు ఇంకో పండితుడు రాసే జవాబు. చెక్కు రాసినవాడు జవాబిస్తే, నిజమైన తప్పుని ఎత్తి చూపినా సరే, నోరు నొక్కినట్టే ఉంటుంది. అసలు తెలుగు బాగా వచ్చినవాళ్ళనే తీసుకోవాలన్న షరతు ముందే రాసుకోవచ్చు. ఎంత తెలుగు రావాలో చెప్పడం వేరు, ఆ తెలుగుతో ఏం అనాలో చెప్పడం వేరు.

## జెన్నాడియస్ పుస్తకాలు

దాతల్లో టాయిన్బీ మీద బాగా మండిపడ్డవాళ్ళలో యోవానిస్ జెన్నాడియస్ ఒకడు. లండన్‌లో గ్రీసు రాయబారిగా చేసిన పెద్దమనిషి, చందాదారుల కమిటీలో ముఖ్యుడు. ఇదే మనిషి జీవితమంతా గ్రీసు మీద పుస్తకాలు కొంటూ పోయాడు. 26,000 సంపుటాలు పోగయ్యాయి. వాటిని ఏథెన్స్‌లోని అమెరికన్ ప్రాచీన గ్రీకు అధ్యయన సంస్థకి ఇచ్చేశాడు. గ్రీసు ప్రభుత్వం స్థలమిచ్చింది, కార్నెగీ సంస్థ భవనం కట్టించింది, 1926లో గ్రంథాలయం తెరిచారు. ఆయన పెట్టిన షరతులు పుస్తకాలు విడగొట్టకూడదు, తండ్రి పేరు ఉండాలి, ఇలాంటివి. ఎవరు చదవాలి, చదివి ఏం రాయాలి అన్నది ఆయన అడగలేదు. గ్రీకు సైన్యం తప్పులు రాసేవాడూ అక్కడికే వస్తాడు, ఒప్పులు రాసేవాడూ అక్కడికే వస్తాడు. ముఖద్వారం పైన ఇసోక్రటీస్ మాట చెక్కించారు: మా విద్యలో పాలు పంచుకున్నవాళ్ళనే గ్రీకులంటారని.

పీఠం విషయంలో చేయి వదలలేని మనిషి పుస్తకాల విషయంలో ఇంత హాయిగా ఎలా వదిలేశాడో నాకు ఆశ్చర్యమే. పుస్తకం ఎదురు మాట్లాడదు కాబట్టి కావచ్చు.

అందుకని మా గ్రూపుకి నేను వేరే ప్రతిపాదన పెట్టాను. పీఠం పెద్ద మాట, పదేళ్ళ పని. ఆలోగా పోగైన దాంతో తెలుగు నేర్చుకునే పరిశోధక విద్యార్థులకి ఏటా ఇద్దరికి భత్యం ఇద్దాం. తాళపత్రాలు చదవగలిగిన లైబ్రేరియన్ ఒకరికి జీతం ఏర్పాటు చేద్దాం. తెలుగు పుస్తకాలు కొనే పద్దు ఒకటి తెరుద్దాం. వీటిలో సమీక్షించడానికి ఏమీ ఉండదు, లెక్కలు చూసుకోవడం తప్ప. లెక్కలు మాత్రం పైసాతో సహా చూసుకుందాం, దానికి నేనేం అడ్డు చెప్పను.

బాబాయిగారు చాలాసేపు విని, "మరి పేరెక్కడ వేస్తారు?" అన్నారు.

లైబ్రరీలో తెలుగు బీరువాల మీద వేయించుకుందాం, మీ నాన్నగారి పేరు కూడా వేయిద్దాం అన్నాను. బీరువాలకి ఒప్పుకున్నారు. సలహా మండలి లైను మాత్రం చిత్తులో ఇంకా అలాగే ఉంది. వచ్చే నెల మీటింగులో ఓటు పెడతారట.